గట్టు దారులు, రేవు దారులు – కోనసీమలో సైకిలు కాలం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రపై ఏదైనా వ్రాయవలసిందిగా సంఘం కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించీ, ఆలయాల గురించీ వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1968లో కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి 2004లో రిటైరైన మనిషిని. నాకు బాగా తెలిసిన చరిత్ర సైకిలు మీద నుంచి చూసినదే. అందుచేత గోదావరి సముద్రంలో కలిసే చోట్ల, ఏటి పక్క ఊళ్ల మధ్య సైకిళ్లు ఏ దారిన నడిచాయో, ఆ దారులు ఎలా పుట్టాయో వ్రాస్తున్నాను. ఏ గెజిటీరు తీసినా కాలువల గురించి ఉంటుంది, రోడ్లూ వంతెనల గురించి ఉంటుంది. పడవలు వెనకబడి వంతెనలు ఇంకా రాని నడిమి కాలంలో, సుమారు నలభై ఏళ్ల పాటు, కోనసీమలో సర్కారు పని అంతా సైకిలు మీదే నడిచిందన్న మాట మాత్రం వాటిలో కనబడదు.

దూరదేశాల్లో ఉంటున్న మన మనవల కోసం ముందుగా నాలుగు మాటలు. ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. గౌతమి కోటిపల్లి, యానాం మీదుగా పోయి పాయలుగా సముద్రంలో కలుస్తుంది. వైనతేయ ఓడలరేవు దగ్గర, వసిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తాయి. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్నది కోనసీమ. చుట్టూ నీరే గనుక ఏ వైపు వెళ్లాలన్నా ఏరు దాటాలి. లోపల తిరగాలన్నా కాలువలు, బోదెలు, మురుగు కాలువలు అడుగడుగునా తగులుతాయి. బండి దారి కంటే గట్టు దారి మేలు అనిపించే నేల అది.

ఆ గట్లు వేయించినది కాటన్ దొర గారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ పనిలో కాటన్ గారికి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు తవ్విన ప్రధాన కాలువలు పొలానికి నీరిచ్చేవే కాదు, పడవలు నడిచేవి కూడా. నీటి మట్టం మారే చోట లాకులు కట్టి పడవలను దించేవారు, ఎక్కించేవారు. కాకినాడలో పడవ ఎక్కిన ధాన్యం గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణా కాలువలు, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు వరకు నీటి మీదే పోగలిగేది. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. వారు నడవాలి గనుక గట్టును చదునుగా, చెట్టూ చేమా అడ్డం లేకుండా ఉంచవలసి వచ్చింది. తరువాత మేము సైకిళ్లు తొక్కినది పడవ లాగినవారి అడుగుల మీదే. ఈ సంగతి నాకు చెప్పినది ఒక ముసలి లాకు కళాసీ. అతని తండ్రి తాడు లాగినవాడు.

కాలువ గట్టుకు రోడ్డుకు లేని సుగుణం ఒకటి ఉంది. ఎగుడూ దిగుడూ ఉండదు. నీరు ఎంత వాలుగా పోతుందో గట్టూ అంతే వాలుగా ఉంటుంది, అంటే కాళ్లకు తెలియనంత. గట్ల మీద మైలురాళ్లు ఉండేవి. మా రికార్డులన్నీ ఫలానా కాలువ ఇన్నో మైలు, ఇన్నో ఫర్లాంగు అనే లెక్కలోనే. తరువాత ఆఫీసు కాగితాల్లో కిలోమీటర్లు వచ్చాయి గాని, రాళ్లు పాతవే. మనసులో మైలు చూసుకుని, ఎం.బుక్కులో కిలోమీటరు వ్రాయడం మా తరానికి అలవాటైపోయింది.

మధ్య డెల్టాలో నేను ఎక్కువ తిరిగిన దారి లొల్ల లాకుల నుంచి మొదలయ్యేది. ఆత్రేయపురం దగ్గర ఈ లాకుల వద్దే ప్రధాన కాలువ చీలి గన్నవరం, అమలాపురం, ముక్తేశ్వరం వైపులకు పోతుంది. సినిమా షూటింగులు చూసి ఆ చోటు గుర్తుపట్టేవారు ఇప్పుడు ఎక్కువ. ఆ రోజుల్లో మాకది మూడు దారుల కూడలి. అమలాపురం కాలువ గట్టు పట్టుకుంటే కొబ్బరి తోటల నీడలోనే అంబాజీపేట చేరవచ్చు. అక్కడ పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని మళ్లీ సైకిలెక్కితే అమలాపురం పెద్ద దూరం కాదు. కాలువలు కట్టేసిన వేసవిలో ఇదే గట్టు మట్టి పనులవారితో కిటకిటలాడేది. జూన్‌లో నీరు వదిలాక గట్టు మీద మనుషులు పలచబడేవారు.

గన్నవరం కాలువ గట్టున వెళితే వైనతేయ అడ్డం వస్తుంది. ఏటి మీదుగా కాలువను దాటించడానికి 1850ల్లోనే అక్విడక్టు కట్టారు. పని చూసినది లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు. ఇటుకలతో, సున్నంతో 49 ఆర్చీలు. కింద ఏరు, పైన కాలువ, మనిషికి దారి. నూట నలభై ఏళ్లకు పైగా అది రాజోలు వైపు పొలాలకు నీరందించింది. 2000లో పక్కనే కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన మహా ఇల్లాలు ఆమె. 1909లో కాలం చేశారు. ఏరు దాటి అలసి వచ్చేవారి ఆకలి ఆమెకు తెలుసు. ఇంజనీరు పేరు కాక ఆమె పేరు పెట్టడం ఎంతో బాగుందని నా అభిప్రాయం.

ఇక సైకిలు సంగతి. స్వాతంత్ర్యానికి ముందు ర్యాలీ, బీఎస్ఏ, హెర్క్యులిస్ ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి. ఊరికి ఒకటో రెండో, మునసబు గారింట్లోనో డాక్టరు గారింట్లోనో ఉండేవి. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ వారు ఫ్యాక్టరీ పెట్టడం, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వారు మొదలుపెట్టడంతో గుమస్తా జీతగాడికి కూడా సైకిలు అందుబాటులోకి వచ్చింది. అయినా సులువేమీ కాదు. నా మొదటి హెర్క్యులిస్ వాయిదాల మీద కొన్నదే. అద్దె సైకిళ్ల షాపులు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండేవి, గంట లెక్కన. పట్నాల్లో మునిసిపాలిటీ వారికి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకపోతే పోలీసులు ఆపేవారు. గట్టు మీద ఆపేవారు ఎవరూ లేరు గాని, అక్కడే దీపం ఎక్కువ అవసరం, ఎందుకంటే పాములు.

కోనసీమ సైకిలుకు కొన్ని ప్రత్యేక లక్షణాలు ఉండేవి. వానాకాలంలో బంకమట్టి మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. అందుకని ముందు మడ్‌గార్డు ఊడదీసి అటక మీద పెట్టేవారు. కారియర్‌కు ఎప్పుడూ ఒక వెదురు పుల్ల గుచ్చి ఉండేది, బురద గీకడానికి. బోదెల మీద తాటి పట్టె వేసి ఉంటుంది. సైకిలు భుజాన వేసుకుని దాని మీద నడవడం అందరికీ రావలసిన విద్య. కొబ్బరి గెలలు, పాలక్యాన్లు, బండారులంక నేత చీరల మూటలు, గోలెంలో చేపలు, ఇవన్నీ సైకిలు మీదే వెళ్లేవి. పోస్టుమేను, మలేరియా వర్కరు, గ్రామసేవక్, పశువైద్యశాల కాంపౌండరు, ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, అందరివీ ఒకే రకం నల్ల సైకిళ్లు. ఆసుపత్రి మంత్రసాని అమ్మలు మొదట నడిచేవారు, పడవల్లో వెళ్లేవారు. డెబ్భయిల్లో ఒకరిద్దరు లేడీస్ సైకిలు తొక్కడం మొదలుపెడితే ఊళ్లో నవ్వినవారు ఉన్నారు. ఆ నవ్విన ఇళ్లలోనే అర్ధరాత్రి కాన్పు వచ్చినప్పుడు, గట్టు మీద ఆ సైకిలు బెల్లు ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూశారు.

గట్టు దారి ఎక్కడో ఒకచోట రేవు దగ్గర ఆగుతుంది. కోటిపల్లి–ముక్తేశ్వరం, యానాం–ఎదుర్లంక, బోడసకుర్రు–పాశర్లపూడి, నరసాపురం–సఖినేటిపల్లి, ఇవి పెద్ద రేవులు. చిన్న రేవులు ఇంకా ఎన్నో. ఏటేటా రేవు పాట పెట్టేవారు. పాడుకున్నవారు మనిషికో రేటు, సైకిలుకో రేటు వసూలు చేసుకునేవారు. నావలో సైకిళ్లను ఒకదానిపై ఒకటి పేర్చేవారు. దిగేటప్పుడు ఎవరి పెడల్ ఎవరి పుల్లల్లో ఇరుక్కుందో విడదీసుకోవడానికే పది నిమిషాలు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరచిన పంటు వచ్చాక ఆ బాధ తగ్గింది.

రేవు గురించి చెప్పేటప్పుడు టీఏ బిల్లు గురించి చెప్పకపోతే మన సభ్యులు ఊరుకోరు. ఒక ఏడాది వరదకు కోటిపల్లి రేవు కట్టేశారు. ముక్తేశ్వరంలో ఉన్న నన్ను అవతలి ఒడ్డున పనికి వెళ్లమన్నారు. సైకిలు బస్సు మీద వేయించి, రావులపాలెం వంతెన మీదుగా గౌతమి దాటి, రామచంద్రపురం, ద్రాక్షారామం చుట్టి కోటిపల్లి చేరాను. బిల్లు పెడితే ఆడిట్ అభ్యంతరం వచ్చింది. మ్యాపులో ఈ రెండు ఊళ్లూ ఎదురెదురుగా ఉండగా ఇంత దూరం ఎందుకు తిరిగినట్లు అని. ఏటిలో వరద అని సమాధానం వ్రాశాను. వరద ఉన్నట్లు ఆధారం జతపరచవలెను అని మళ్లీ వచ్చింది. ధవళేశ్వరం నీటిమట్టం రీడింగు నకలు తెచ్చి జతపరచాను. ఆ బిల్లు పాసయ్యేసరికి మరో రెండు వరదలు వచ్చి వెళ్లాయి.

కోటిపల్లి మాట వచ్చింది గనుక రైలు సంగతి కూడా చెప్పాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు. రెండవ ప్రపంచ యుద్ధం రాగానే, 1940లో, ఇనుము కావాలని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ రైలు నడిచినది 2004లో. ఈ 64 ఏళ్లలో ఆ ఊళ్లకు సైకిలు ఎంత ఆసరా అయిందో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

యానాం వైపు దారి చరిత్ర ఇష్టమున్నవారికి మంచి దారి. అమలాపురం నుంచి ముమ్మిడివరం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక రేవుకు చేరి, గౌతమి దాటితే యానాం. 1954 జూన్ 13న విమోచన జరిగేవరకు అది ఫ్రెంచివారి ఊరు. చట్టరీత్యా భారతదేశంలో కలిసినది 1962 ఆగస్టు 16న. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక, బ్రిటిషు చట్టం చెల్లని ఊరు గనుక, చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయడానికి చుట్టుపక్కల నుంచి జనం యానాం వెళ్లేవారు. రేవులకు ఆ మూడుముళ్ల ఆదాయం కూడా కొంత ఉండి ఉండాలి. పొరుగునే ఉన్న ఇంజరంలో ఈస్టిండియా కంపెనీ వారు బట్టల వ్యాపారం చేశారు. వసిష్ఠ ఒడ్డున నరసాపురం పక్క మాధవాయపాలెం పేరు వారి నోట మాడపోలం అయి, చివరికి ఒక రకం గుడ్డకు పేరయింది. ఏటి ఒడ్డు ఊళ్లు ఒకప్పుడు లోకానికి ఎంత దగ్గరో దీన్నిబట్టి తెలుస్తుంది.

యానాం నుంచి తాళ్లరేవు, కోరంగి, చొల్లంగి మీదుగా కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. తాళ్లరేవులో రోడ్డు పక్కనే కొయ్య పడవలు కట్టడం చూడవచ్చు. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరు ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. పాయ పూడికతో కాలక్రమాన వ్యాపారం కాకినాడకు మళ్లింది. బర్మాలో మన తెలుగువారందరినీ కొరంగీలు అనే పిలిచేవారట. ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరు అయిందన్నమాట. ఇప్పుడక్కడ మడ అడవులు, 1978 నుంచి అభయారణ్యం. నేను తిరిగిన రోజుల్లో ఆ దారిలో సాయంకాలం సైకిలు బెల్లు కొడితే నక్కలు బదులు పలికేవి.

ఇక ఏటిగట్లు. కాలువ గట్టు వేరు, ఏటిగట్టు వేరు. ఏటిగట్టు వరద ఊళ్లమీదికి రాకుండా కాసే గోడ. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరిక నుంచే మాకు గట్ల మీద డ్యూటీ. సరుగుడు బాదులు, ఇసుక బస్తాలు, తాటాకులు సిద్ధం చేసుకుని, చేతిలో లాంతరు, సైకిలుతో రాత్రంతా గట్టు చూడాలి. చూడవలసినది గట్టు మీద కాదు, ఊరి వైపు వాలులో. అక్కడ చెమ్మ కనబడి బుడగలు వస్తే లోపల ఎలుకబొరియ ద్వారా నీరు వస్తున్నట్లు. ఆ నీరు తేటగా ఉంటే కొంత సమయం ఉంది. మట్టిరంగు తిరిగితే సమయం లేదు.

1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. నాకు తెలిసినంతలో అంత నీరు మళ్లీ రాలేదు. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద కూడా 26 లక్షల లోపే. ఆ 1986 రాత్రి మా సెక్షన్‌లో ఒక లస్కరు వాలులో నీరు మట్టిరంగు తిరగడం చూశాడు. టెలిఫోన్లు అప్పటికే చచ్చిపోయాయి. అతను గట్టు మీద నుంచి దిగి, మోకాలి లోతు నీటిలో కొంత తోస్తూ, కొంత తొక్కుతూ మూడు పల్లెలు తిరిగి జనాన్ని లేపాడు. నాలుగవ దానికి వెళ్లేసరికి గట్టు తెగింది. అతను కొబ్బరిచెట్టు పట్టుకుని బతికాడు. సైకిలు పోయింది. ఆ మూడు పల్లెల్లో ఇళ్లు పోయాయి గాని మనుషులు పోలేదు. సైకిలు ఖరీదు ఇప్పించమని నేనే అర్జీ వ్రాసి పెట్టాను. అది సొంత వాహనం గనుక నష్టపరిహారం ఇవ్వ వీలులేదని జవాబు వచ్చింది.

అతను దినకూలీ మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాడు. మోకాళ్లు అరిగి 1992లో పని మానేశాడు. దినకూలీలను రెగ్యులర్ చేసే 212 నంబరు జీవో 1994 ఏప్రిల్‌లో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి పనిలో ఉన్నవారికే అది వర్తించింది. కాబట్టి అతను ఏ పెన్షను లిస్టులోనూ లేడు. ఈ సంచిక అందుకునేవారి జాబితాలోనూ ఉండడు. 1986 మట్టాన్ని ప్రమాణంగా తీసుకుని ఏటిగట్లు ఎత్తు చేసే పనులు తరువాత జరిగాయి. ఇప్పుడు చాలాచోట్ల గట్టు మీద కార్లు పోతున్నాయి. ఆ లస్కరువంటివారు ఇంకెందరో. వారిని ఎరిగినవారు మన సభ్యులలో ఉన్నారు. పేరు, ఏ గట్టు, ఏ మైలు అనే మూడు ముక్కలు వ్రాసి కార్యదర్శి గారికి పంపితే వచ్చే సంచికలో వేయడానికి వారు ఒప్పుకున్నారు.

1996 నవంబరు 6 తుఫాను నాటికి రోడ్లు బాగుపడ్డాయి, జీపులు వచ్చాయి. అయినా ఆ రాత్రి గడిచాక ఒక్క జీపు కదలలేదు. ప్రతి పది గజాలకూ కొబ్బరిచెట్టు అడ్డం. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకారుల ఊళ్లలో ప్రాణనష్టం ఘోరంగా ఉంది. రోడ్లు తెరిచేదాకా కబురు మోసినవి సైకిళ్లే. సైకిలును ఎత్తి చెట్టు దాటించవచ్చు. ఒకే పగలు నేను ఎన్ని మొద్దులు దాటించానో లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూరు దాటాక మానేశాను.

చివరగా అంతర్వేది దారి. అమలాపురం నుంచి బోడసకుర్రు వద్ద వైనతేయ దాటి, పాశర్లపూడి, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా వెళ్లాలి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఆ దారిలో రాత్రి సైకిలుకు దీపం అక్కరలేకపోయింది. సముద్రం వైపు పొద్దున్నే బయలుదేరాలి. మధ్యాహ్నం తిరిగితే పైరగాలి ఎదురై తొక్కనివ్వదు. అదే గాలి తిరుగు ప్రయాణంలో వీపున చేయి వేసి నెడుతుంది. సముద్రం దగ్గరపడ్డాక దారి ఇసుక, దిగి నడిపించుకోవలసిందే. భీష్మ ఏకాదశి ఉత్సవానికి సైకిళ్లు వందల్లో వచ్చేవి. గుడి దగ్గర సైకిళ్లు కాచేవారు ఒకే నంబరు బిళ్లలు రెండు చేసి, ఒకటి హ్యాండిలుకు కట్టి, ఒకటి మన చేతికిచ్చేవారు. చొల్లంగి అమావాస్యకు స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టినవారు కూడా అంతర్వేదితోనే ముగిస్తారు. ఆ యాత్రను సైకిలు మీద చేసిన ఒక స్కూలు మాస్టరు గారిని నేను ఎరుగుదును.

తరువాత రేవులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బోడసకుర్రు దగ్గర వంతెన వచ్చింది, దిండి–చించినాడ మధ్య వచ్చింది. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరు అయిన బాలయోగి గారు 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఎదుర్లంక–యానాం వంతెనకు వారి పేరే పెట్టారు. వంతెన వచ్చినందుకు విచారించేవాణ్ణి కాను. ఆసుపత్రికి వెళ్లవలసిన మనిషిని రేవులో పడుకోబెట్టి నావ కోసం కేకలు వేసిన రోజులు చూసినవాణ్ణి. సైకిలు తొక్కే సరదా ఉన్న మనవలకు మాత్రం ఒక మాట. హైవే మీద తొక్కకండి, లారీలు ఎక్కువ. లొల్ల దగ్గర కాలువ గట్టు పట్టుకోండి. సంక్రాంతి నెల అయితే ఎండ ఉండదు. మూడు నాలుగు రోజులు తీరిక చేసుకుంటే మూడు పాయలూ చూసి అంతర్వేది చేరవచ్చు. అక్కడి నుంచి నరసాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవుకు రావాలి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరు జిల్లా అయ్యేనాటికీ అక్కడ వంతెన లేదు. మనుషులూ సైకిళ్లూ పంటు ఎక్కే వసిష్ఠ దాటుతున్నారు.